అమ్మ చాకుకు పిడి వెతికిన ఏడాది

అమ్మ చూపుడువేలు తెగిన నాడు మా మేనత్త కత్తిపీటను కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నిచ్చెన వేసుకుని అటక మీద పెట్టింది. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ, "ఇగ ఈ ఇంట్ల కూరగాయ నేనే కోస్త" అన్నది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే అమ్మ ఏదో ఒక జవాబు చెప్పేది.

అది యూనియన్ మిలిట్రీ వచ్చి నవాబు పాలన పోయిన మరుసటి ఏడు. సూర్యాపేటలో మా ఇంట్లో నలుగురమే ఉండేవాళ్ళం. బడిపంతులైన నాయిన, అమ్మ, చిన్నతనంలోనే భర్త పోయి మా దగ్గరే ఉండిపోయిన మేనత్త, నేను. అక్క పెళ్ళయి మిర్యాలగూడలో ఉండేది. నాకు పదిహేడు నిండాయి. గడబిడ రోజుల్లో సంబంధాలు చూడటం ఆగిపోయింది, నేను లోలోపల సంతోషించాను. కొత్త మనిషి ఎదుట రెండు మాటలు కలిపి మాట్లాడటం నాకు చేతకాదు. నోట్లోంచి రాని ఆ మాటలన్నీ నాయిన తెచ్చే పాత పరీక్ష కాగితాల వెనక రాసుకుని, దారంతో కుట్టి, బొంతల మధ్య దాచుకునేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ కట్ట పక్కనే ఉంది. కొన్నిచోట్ల సిరా అలికిపోయింది. కొన్నిచోట్ల అది నేను రాసిందేనా అనిపిస్తుంది.

అమ్మ చూపు ఒక్కసారిగా పోలేదు. మొదట దీపం చుట్టూ సింగిడి కనబడుతుందనేది. "ఎంత మంచిగున్నదే, ఏడు రంగులు" అని మురిసిపోయేది. మేమూ దీపం వైపు చూసేవాళ్ళం. మాకు కనబడక అమ్మ మీద కొంచెం అసూయ కూడా పడేవాళ్ళం. తర్వాత చూపు పక్కల నుంచి మూసుకుపోవడం మొదలైంది. గడప తగిలేది, చెంబు తగిలేది. దవాఖానలో చూపిస్తే కంటి నరం ఎండిపోతున్నదని, పోయిన చూపు ఇక రాదని చెప్పారు. ఆ ఎండకాలం నాటికి అమ్మకు మిగిలింది వాకిలి వైపు తెల్లటి మసక ఒక్కటే. "మజ్జిగల నుంచి సూసినట్టున్నది" అనేది.

అయినా కూర తనే కోసేది. కత్తిపీట మీద ఒక పాదం ఆనించి కూర్చుని, వంకాయను రెండు చేతులతో పట్టుకుని, నిలబడి ఉన్న కత్తి మీదికి తోసేది. చర్ర్ చర్ర్ మని ఒకే తీరు చప్పుడు. ఆ కాసేపే మా ఇంట్లో మాటల వేళ. పులుసా వేపుడా, ఉప్పు తగ్గిందెవరికి, పక్కింటి బర్రె ఈనిందా లేదా, అన్నీ అక్కడే తేలేవి. నేను కూడా అక్కడే నోరు విప్పేదాన్ని. కూర కోసేవాళ్ళు తల ఎత్తి మన ముఖం చూడరు కాబట్టి.

వేలు తెగిన తర్వాత అమ్మ నడిమింట్లో స్తంభానికి ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. చేతులు ఒడిలో వెల్లకిలా పెట్టుకునేది, ఎవరో ఇప్పుడే వాటిలోంచి ఏదో తీసుకుపోయినట్టు. మేనత్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిచ్చెన ఎక్కి కత్తిపీట దించేది, పని కాగానే మళ్ళీ ఎక్కించేది. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ ఎక్కేదే గాని ఒక్కనాడు కూడా కింద వదల్లేదు. ఆ నాడు రక్తం కడిగింది ఆమే. బండల మీద ఎంత కడిగినా పోలేదని తర్వాత చాలాసార్లు చెప్పింది.

ఒకరోజు నేను తల దువ్వుతుంటే అమ్మ అన్నది, "నేను ఈ ఇంటికి సుట్టాన్నయిన బిడ్డా. సుట్టాలకే గద, పని జెప్పకుండ అన్నం పెట్టేది."

ఆ రాత్రి ఆ మాటను అలాగే రాసుకున్నాను.

చాకు ఆలోచన నాయినను చూస్తే వచ్చింది. బడి పిల్లలు నలుగురు సాయంత్రం ఇంటికి వచ్చి లెక్కలు చెప్పించుకునేవారు. నాయిన వాళ్ళ పలకలు చూస్తూనే, తల వంచకుండానే, చిన్న చాకుతో పెన్సిళ్ళు చెక్కేవాడు. చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట. నాకు ఒక్కసారిగా తట్టింది. కత్తిపీటలో కత్తి ఒకచోట నిలబడి ఉంటుంది, చెయ్యే వెతుక్కుంటూ దాని దగ్గరకు పోవాలి. చాకు అట్లా కాదు. అది చేతిలోనే ఉంటుంది. పదును ఎటు ఉందో చేతికి తెలుస్తుంది.

ఆ మాట అమ్మ చెవిలో చెప్పాను.

"చాకా?" అమ్మ నవ్వింది. "నేనేమన్న దొరసాన్నా, బల్ల మీద పెట్టుకుని చాకుతోని కోయనీకి?"

మూడు రోజుల తర్వాత, అన్నం తింటూ, ఎవరినో అడిగినట్టు అడిగింది. "ఎంత పొడుగుంటదే ఆ చాకు?"

కమ్మరి కొలిమి మా వీధి చివర ఉండేది. అమ్మను చేయి పట్టుకుని నేనే తీసుకుపోయాను. కమ్మరి పెద్దాయన అమ్మను చెల్లె అని పిలిచేవాడు. కత్తి అనే మాట వినగానే తిత్తి ఊదడం ఆపి, అటు ఇటు చూశాడు.

"మెల్లగ జెప్పు చెల్లె. జానెడు కత్తి చేస్తే ఎవరి కోసమని ఈ మిలిట్రోళ్ళొచ్చి అడుగుతరు. నిరుడు, ఎందుకు చెయ్యవని దళం వాళ్ళొచ్చి అడిగిండ్రు. ఈ రెండేండ్లు కొడవళ్ళు తప్ప ఏం చేసినా పరేషానే."

"వంకాయలు కోసుకునేటందుకు అన్నా."

"వంకాయలకా?" ఆయన గడ్డం గోక్కుని కాసేపు అమ్మ కళ్ళ వైపు చూశాడు. "అరిగిన కొడవలి ముక్క ఒకటున్నది. బెత్తెడున్నర వస్తది. మొన మొండిగ పెడత. దాన్ని సూసి ఎవ్వడూ భయపడడు."

నాలుగు రోజుల్లో చేశాడు. సన్నగా, కొంచెం వంపుగా, నెలవంకలా ఉంది. వెనక పిడిలోకి దిగాల్సిన తోక బోసిగా ఉంది. పిడి లేదు.

"పిడికి ఎండిన కర్ర నా తాన లేదు. కర్ర పనిజేసే వడ్లాయన గడబిడల ఊరిడిసిపోయిండు, ఇంక రాలే. పచ్చి కర్రకు దింపితే వానలు పడేసరికి వదులైతది. మంచి సరుకు మీరే సూసుకోండ్రి, కూర్చి ఇస్త."

ఆ రాత్రి నుంచి నాకు పిడులే కలలోకి వచ్చాయి. నేను చదివిన కథల్లో రాకుమారుల కత్తులకు దంతపు పిడులు, రతనాల పిడులు ఉండేవి. వంకాయలు కోసే చాకుకు ఏ పిడి ఉండాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. అయినా నా మనసులో ఒక పిడి తయారైంది. నల్లగా నిగనిగలాడుతూ, పట్టుకుంటే అమ్మ చెయ్యి దొరసాని చెయ్యిలా కనబడాలి. చూసిన వాళ్ళు పాపం అనకూడదు. అబ్బ అనాలి.

కోదాడలో మా మేనమామ ఉండేవాడు. అమ్మకు తమ్ముడు. అమ్మను ఒకసారి తీసుకురమ్మని కబురు పెడితే ఇద్దరం బస్సులో వెళ్ళాం. పాలేరు దాటాక గాలి మారుతుందని అమ్మ అనేది. అక్కడి మాట కూడా మారుతుంది. మామ మాటల్లో సగం ఆంధ్ర వైపు యాస. కోదాడలో బర్రె కొమ్ముతో దువ్వెనలు చేసే ఒకాయన ఉన్నాడని, ఆయన దగ్గర పిడికి సరిపోయే ముక్కలు ఉంటాయని మామే చెప్పి తీసుకుపోయాడు.

ఆ కొట్టు నిండా కాలిన వెంట్రుకల వాసన. కొమ్మును వేడిచేసి, సాపు చేసి, బూడిదతో రుద్ది మెరుగు పెడతారట. ఆయన ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా ఉంది. ఎండకు పట్టి చూస్తే లోపల తేనెరంగు చార ఒకటి, చెరువులో పొద్దుగూకినట్టు, నిద్రపోతూ కనబడింది.

"ఇది పగలదమ్మా. నీళ్ళు తాగదు. మీ మనవరాళ్ళు కూడా దీంతోనే కోసుకుంటారు" అన్నాడాయన.

"చూడక్కా, ఎంత బాగుందో!" అన్న మామ వెంటనే నాలుక కరుచుకున్నాడు.

అమ్మ పట్టించుకోలేదు. ముక్కను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పింది. "సల్లగున్నది. చేపను పట్టుకున్నట్టున్నది" అన్నది.

అది మెచ్చుకోలు అనుకున్నాను నేను. కొమ్ముకు గుండ్రంగా అందంగా మెరుగు పెట్టించి, గుడ్డలో చుట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో మునగాల దగ్గర మిలిట్రీ వాళ్ళు బస్సు ఆపి సామాన్లు చూస్తున్నారు. ఒక సిపాయి నా ఒళ్ళోని మూట విప్పాడు. నల్లటి పిడి చేతిలోకి తీసుకుని ముందూ వెనకా చూశాడు. తోక దిగే రంధ్రంలోంచి నా వైపు చూశాడు.

"క్యా హై యే?"

నేను అమ్మ కొంగు పట్టుకున్నాను. బస్సంతా నా వైపే చూస్తున్నది. అమ్మ పక్క నుంచి, "దస్తా హై భయ్యా, చాకూ కా దస్తా" అని, అది చాకు పిడి అని తాపీగా చెప్పింది.

"చాకూ కహాఁ?"

"ఘర్ మే" అన్నది అమ్మ, ఇంట్లో ఉందని.

అయిపోయింది, ఇక ఇద్దరినీ దింపుతారు అనుకున్నాను. సిపాయి కొంచెం ముందుకు వంగి చాకుతో ఏం కోస్తావని అడిగాడు. అమ్మ అతని ముఖం ఎటుందో తెలియక కిటికీ వైపు చూస్తూ జవాబు చెప్పింది. "బెండకాయ. భిండీ. నువ్వు తింటవా?"

వెనక సీట్లో ఎవరో ముసలాయన పకపకా నవ్వాడు. సిపాయికి అప్పుడు అమ్మ కళ్ళ సంగతి అర్థమైనట్టుంది. పిడిని గుడ్డలో చుట్టి, నా ఒళ్ళో కాదు, అమ్మ చేతిలో పెట్టి దిగిపోయాడు. "పాపం, వాళ్ళమ్మ యాదికొచ్చినట్టున్నది" అన్నది అమ్మ, బస్సు కదిలాక. సిపాయి ముఖం చూసినట్టే చెప్పింది.

కమ్మరి ఆయన తోకను కాల్చి, కొమ్ములోకి దింపి, చుట్టూ లక్క కరిగించి పోశాడు. మేనత్త కూడా చాకును చేతిలోకి తీసుకుని అటు ఇటు తిప్పి చూసింది. అంత అందంగా ఉంది. పీట వేసి, బెండకాయలు పెట్టి, అమ్మను కూర్చోబెట్టాం.

మూడు కాయల దాకా బాగానే కోసింది. బెండకాయ జిగురు చేతికంటింది. నాలుగో కాయ దగ్గర పిడి చేతిలో మెల్లగా తిరిగింది. గుండ్రటి పిడి, నున్నటి పిడి. తిరిగిన సంగతి అమ్మకు తెలియలేదు. బొటనవేలు పదును మీద ఆనించి నొక్కబోతుంటే మేనత్త కేక వేసింది. చాకు జారి ఒళ్ళో పడి చీర కుచ్చిళ్ళను చీల్చుకుంటూ కిందికి పోయింది. రక్తం రాలేదు. చీర మాత్రం జానెడు చిరిగింది.

"కోదాడ దాక పొయ్యి తెచ్చిండ్రు, చేప తోక!" అన్నది మేనత్త. "వదినె, నీకు దండం బెడత. చీర తెగింది కాబట్టి సరిపోయింది."

చేప. అమ్మ ముందే చెప్పింది. నేను వినలేదు.

మిర్యాలగూడ ప్రయాణం వినాయక చవితి దాటాక జరిగింది. అక్కకు రెండో కాన్పు. బస్సు దొరికిన దూరం బస్సులో, మిగతాది ఎడ్లబండిలో వెళ్ళాం. మూసీ దాటుతుంటే బండి చక్రాల కింద నీళ్ళ చప్పుడు విని అమ్మ నిద్రలోంచి లేచి, "పిల్లలెవరో నవ్వుతున్నరు" అన్నది. దారి పొడుగునా ఆముదం చేలు. ఎర్రటి కాడలు, వెడల్పాటి ఆకులు, గాలికి అన్నీ ఒకేసారి అరచేతులు తిప్పినట్టు.

అక్క ఇంట్లో పిడి సంగతి చెబితే బావ నవ్వలేదు. తరిమెన మీద కర్రను తిప్పి బొమ్మలు చేసే ఒకాయనతో పాల కర్ర పిడి చేయించి తెచ్చాడు. పాలలాగే తెల్లగా ఉంది, ఒక్క మచ్చ లేదు. అమ్మకు కనబడేది తెల్లటి మసకే కదా, తెల్లటి పిడి అయితే వెలుతురులో కాస్తయినా కనబడుతుందేమో. ఇది నాకు గొప్ప ఆలోచన అనిపించింది. ఆ నాటి కాగితంలో దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

"కర్ర నెమ్ము పట్టకుండ ఏమన్న పుయ్యి" అన్నాడు బావ.

ఏం పూయాలో మా వైపు ఎవరినీ అడగక్కరలేదు. తలకు ఆముదం, కడుపుకు ఆముదం, కాళ్ళ పగుళ్ళకు ఆముదం, దీపానికి ఆముదం, పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం. అక్క అత్తగారు కొత్తగా గానుగాడించిన నూనె ఇచ్చింది. ఇంటికి వచ్చాక పిడిని ఒక గిన్నెలో ముంచి పదిరోజులు ఉంచాను. రోజూ మూత తీసి చూసేదాన్ని. తెలుపు పోయి లేత పసుపు దిగింది, అదీ అందంగానే ఉంది. కర్ర కడుపు నిండా తాగింది. నేను మురిసిపోయాను.

కమ్మరి ఆయన దాన్ని చేతిలోకి తీసుకోగానే ముఖం చిట్లించాడు. అయినా నా ముఖం చూసి, కొమ్ము ఊడదీసి, దీన్ని దింపి ఇచ్చాడు. అమ్మ పట్టుకుంది. చేతి వేడి తగలగానే పిడి లోపలి నుంచి నూనె ఊరడం మొదలైంది. తుడిస్తే ఊరింది. ఎండకు పెడితే ఇంకా ఊరింది. దోసకాయ మీద పెట్టి నొక్కితే చాకు అక్కడే ఉంది, చెయ్యి జారి ముందుకు పోయింది. ఈసారి మేనత్త ముందే కూర్చుని ఉంది. అమ్మ మణికట్టు పట్టుకుని లాగింది.

నేను చాకు తీసుకుని ఒక్కదాన్నే కమ్మరి దగ్గరకు పరుగెత్తాను. ఏడుపు ఆపుకుంటూ, తల వంచుకుని, మొదటిసారి ఆయనతో నేనే మాట్లాడాను. "పెద్దయ్యా, పదిరోజులు నానబెట్టిన. ఆముదంల."

"ఆముదం ఎండదు తల్లీ" అన్నాడు ఆయన. కోప్పడలేదు. "బండి ఇరుసుకు ఎందుకు పోస్తరు? జారాలనే గద."

ఆ సాయంత్రం నాయిన కండువా తీసి వంకెకు తగిలిస్తూ, "రెండుసార్లు అయింది. మూడోసారి చెయ్యి పోతే ఎవరిని అంటం? ఇగ ఈ ముచ్చట ఖతం" అన్నాడు. నాయిన మెత్తని మనిషి. మెత్తని మనిషి మాటకు ఎదురుచెప్పడం కష్టం. మేనత్త చాకును కూడా గుడ్డలో చుట్టి అటక మీద కత్తిపీట పక్కన పెట్టింది.

అమ్మ రెండు రోజులు స్తంభం దగ్గరే ఉంది. మూడో రోజు పొద్దున లేచి, గోడ పట్టుకుని, ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. దర్వాజా చట్రం తడిమింది. రోకలి నడుమును అరచేతితో చుట్టి కాసేపు అలాగే నిలబడింది. కవ్వం, ఇసుర్రాయి పిడి, మంచం పట్టె, నాయిన చేతికర్ర, ఒక్కొక్కటే. పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని. ఆమె ముఖం ఎక్కడో దూరపు పాట వింటున్నట్టు ఉంది. నేను వెనకాలే తిరిగాను, చప్పుడు చేయకుండా.

మేనత్త వంటింట్లోంచి తొంగిచూసి, "ఏం బోయింది వదినె? ఏం దేవులాడుతున్నవ్?" అన్నది.

"ఏం బోలే. మీరంత కండ్లున్నోళ్ళు. నల్లగున్నదని ఒకటి, తెల్లగున్నదని ఒకటి, కండ్లతోనే ఏరిండ్రు" అన్నది అమ్మ. "పట్టుకునేది నేను. నన్నెవ్వరన్న అడిగిండ్రా?"

గొంతు పెంచలేదు. కాని చాలా నెలల తర్వాత అమ్మ జవాబు చెప్పింది. మేనత్త తల లోపలికి తీసుకుంది. కాసేపటికి నిచ్చెన చప్పుడు వినిపించింది. చాకు మూట తెచ్చి నా చేతిలో పెట్టి, "కొలిమి దాకనే. కూరగాయల దాక కాదు" అన్నది.

కమ్మరి కొలిమి పక్కన విరిగిన బండి చక్రాల కుప్ప ఉండేది. చక్రాలకు ఇనుప పట్టాలు వేయించడానికి వచ్చిన బండ్లవాళ్ళు పనికిరానివి అక్కడే వదిలేసి పోయేవారు. అమ్మ ఎప్పుడు వచ్చినా అందులో ఒక చక్రపు నడిమి తొట్టి మీదే కూర్చునేది. ఆ రోజు కూడా కూర్చుని, పాత పిడి ఊడదీస్తున్న ఆయనతో మాట్లాడుతూ, పక్కనున్న విరిగిన చక్రపు ఆకు కర్ర మీద చెయ్యి వేసింది. బూడిదరంగు కర్ర, పగుళ్ళు, ఎండిన మట్టి. నేనైతే దాని వైపు చూసేదాన్ని కూడా కాదు. అమ్మ చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. గోరుతో గీకింది. దిగలేదు. వేలి ఎముకతో కొట్టి విన్నది. ఎత్తి బరువు చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేం కర్ర అన్నా?"

"అది కర్ర గాదు చెల్లె, బండి గీర ముక్క. పొయ్యిల పెడదామని ఉంచిన."

"పొయ్యిల పెట్టెటోనివి, ఎండిన కర్ర లేదంటివి?"

ఆయన సుత్తె కింద పెట్టాడు. వచ్చి, ముక్కను తీసుకుని, తనూ గోరుతో గీకాడు. తర్వాత తన నుదురు తనే కొట్టుకున్నాడు. "తుమ్మ చేవ. ఇరవై ఏండ్లు తిరిగి ఉంటది. నా కొలిమిలనే పెట్టుకుని నిన్ను ఊర్లన్ని తిప్పితి."

ఆ ముక్క ఏ దారుల్లో తిరిగి ఉంటుందో అని నేను ఆలోచించాను. పాలేరు దాటి ఉంటుంది, మూసీ దాటి ఉంటుంది. మేము బస్సు కిటికీలోంచి పిడి కోసం కలలు కంటూ పోయిన తోవలోనే, ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ, మాకంటే ముందు ఎన్నిసార్లు పోయిందో.

"గుండ్రంగ వద్దు" అన్నది అమ్మ. "చెయ్యి ఎట్లుంటే గట్ల కావాలె."

"చెయ్యి ఎట్లుంటదో ఎట్ల జెప్తవు?"

పక్కన ఆయన భార్య జొన్నరొట్టెలు చేస్తున్నది. అమ్మ పిండి ముద్ద ఒకటి అడిగి తీసుకుని, దాన్ని చాకు పట్టుకున్నట్టే పిడికిట బిగించింది. వదిలింది. ముద్ద మీద నాలుగు వేళ్ళ గుంటలు, బొటనవేలు ఆనే చోట చదునుగా చిన్న అచ్చు. ఆ చదును ఎటుంటే పదును దానికి ఎదురు. చీకట్లో పట్టుకున్నా తెలుస్తుంది.

"నలబై ఏండ్ల సంది కొడవళ్ళకు పిడులేస్తున్న. ఎవ్వలూ చెయ్యి అచ్చు ఇయ్యలే" అన్నాడు ఆయన, ముద్దను ఎండలో పెడుతూ. ఆయన భార్య, "మాకు రొట్టె ఒకటి తక్కువైంది, అది సూడు" అన్నది. అందరూ నవ్వారు, నేను కూడా.

ఆయన ఆ ముక్కను చెక్కుతుంటే బూడిదరంగు లేచిపోయి లోపలి రంగు బయటపడింది. అమ్మ ఏ రంగని నన్ను అడిగింది. ఎర్రగా ఉందన్నాను. "ఏ ఎరుపు?" అన్నది. కాగితం మీదయితే ఎన్ని మాటలైనా రాసేదాన్ని, అక్కడ ఒక్కటీ దొరకలేదు. "పాత బెల్లం లెక్క. నడుమ నల్లటి గీతలున్నయి, కాగిన పాలమీద మీగడ ముడతల లెక్క" అన్నాను చివరికి. అమ్మ తల ఊపింది. "కనబడ్డది" అన్నది.

ఈసారి ఏ నూనె పూయాలో ఆయన్నే అడిగాను. బావిలోంచి నీళ్ళు తోడే మోట బొక్కెనల తోలుకు పూసే కుసుమ నూనె, బాగా కాచినది. గుడ్డతో పలచగా తుడిచి, ఎండలో పెట్టి, పూర్తిగా ఎండాక మళ్ళీ పలచగా. ముంచకూడదు. తొందరపడకూడదు. వారం రోజులు పిడితో పాటు నేను కూడా డాబా మెట్ల మీద ఎండలో కూర్చున్నాను. ఒక్క పుస్తకం చదవలేదు. నూనె ఆరుతుంటే వాసన ఎట్లా మారుతుందో రాసుకున్నాను. మొదటి రోజు విత్తనం వాసన, ఐదో రోజుకు కొత్త చాప వాసన.

పిడి దింపించి ఇంటికి తెచ్చిన పొద్దున నాయిన బడికి వెళ్ళాడు. వెళ్ళేముందు చాకు పట్టుకుని చూశాడు. అమ్మ చేతిలో పెట్టబోయి, చాకును చేతి నుంచి చేతికి ఇస్తే పోట్లాట వస్తుందనే మాట గుర్తొచ్చి, పీట మీద పెట్టి పోయాడు.

అమ్మ వంటింటి గడప పక్కన కూర్చుంది. నేను ఒక దోసకాయ కడిగి పెట్టాను. మేనత్త పొయ్యి దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ పిడి పట్టుకుని, బొటనవేలితో చదును వెతికి, ఆగింది. ఎడమచేతి వేళ్ళు ముడిచి కాయ మీద పెట్టింది. మొదటి ముక్క కోసి, అంచు నాలుకకు తగిలించి చేదు లేదని చూసుకుంది. తర్వాత రెండోది. చాలా మెల్లగా. చేతికి రసం అంటింది. పిడి కదల్లేదు. ఒక్కో ముక్క పీట మీద పడుతుంటే ఒక్కో తీరు చప్పుడు. కాయ సగమైంది. గింజలు తీసి పక్కకు పెట్టింది. నేను ఆమె వేళ్ళనే చూస్తున్నాను, మేనత్త ముక్కలను చూస్తున్నది.

"వదినె" అన్నది మేనత్త, కొంగు తీసి.

అమ్మ చెయ్యి ఆగింది.

"ఒక్కటి గుమ్మడికాయంత, ఒక్కటి శనగబద్దంత కోస్తున్నవ్. గిట్ల కోస్తే ఎట్ల ఉడుకుతయి?"

"పెద్దయి నీ పళ్ళెంల ఏస్త తియ్" అన్నది అమ్మ. "దేంట్లకు? పప్పులకా, పచ్చడికా?"

"పప్పులకు."

"పప్పులకైతే ఇంత చాలు. ఎసరు పెట్టినవా లేదా?"

"నువ్వు కోసేసరికి ఎసరు ఇంకిపోతది" అని గొణుక్కుంటూ మేనత్త బుట్టలోంచి ఇంకో దోసకాయ తీసి, కడిగి, అమ్మ ముందు పీట మీద పెట్టి, కందిపప్పు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది.